మా అవ్వ రంగు

నా దుకాణంలకు వచ్చినోళ్లు కుర్చీల కూసోకముందే అడిగే మాట ఒక్కటుంటది. "అక్కా, మొహం జర తెల్లగ చెయ్యవా?" పెండ్లి ఫ్లెక్సీ అయినా గదే మాట, పుట్టిన్రోజు ఫ్లెక్సీ అయినా గదే మాట. ఆఖరికి సచ్చిపోయినోళ్ల ఫోటో పట్టుకొచ్చి సుత గదే అడుగుతరు. మట్టిల కలిసిన మనిషికి తెలుపెందుకు అని నోటి దాక వస్తది. ఒకోసారి నోరు దాటి బయటికే వస్తది. నాకు కోపం ముక్కు మీదుంటదని మా గల్లీల అందరికీ ఎరుకే.

కరీంనగర్ల గీ ఫ్లెక్సీల డిజైన్, పాత ఫోటోలు బాగుచేసుడు పెట్టుకొని శాన ఏండ్లాయె. నేను తిడ్త, అయినా మళ్ల నా కాడికే వస్తరు. రంగు కాడ నా చెయ్యి తప్పదని వాళ్ల నమ్మకం. అట్లని అదేం పుట్టుకతోని వచ్చిన విద్య కాదు, దెబ్బలు తినుకుంట నేర్సుకున్నదే.

మొదట్ల ఒక కిరాణ దుకాణపాయనకు బోర్డు చేసిచ్చిన. ముదురు ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు. కంప్యూటర్ల చూస్తే మంచిగనే ఉండె. గోడకెక్కిచ్చి రోడ్డు అవుతలికి పోయి చూస్తే అక్షరాలు ఒక్కటి సుత కానరాలే. ఆయన లొల్లి లొల్లి చేసిండు. నేను గదే ఎరుపును పసుపు మీద పెట్టి మళ్ల ఇచ్చిన. "అగో, గీ ఎరుపు మంచిగున్నది గదమ్మా, మొదలే గీ ఎరుపు పెట్టకపోయినవా?" అన్నడు. ఎరుపు గదే, మారింది పక్కన ఉన్న రంగు. 

ఇంకోటి వెలుతురు. ట్యూబులైటు కింద చూసిన రంగును నమ్మితే మునిగినట్టే. మ్యాచింగ్ సెంటర్ల జాకెట్ గుడ్డ తీసుకునేటప్పుడు ఆడోళ్లు ఏం జేస్తరు? చీర కొంగు, గుడ్డ, రెండూ పట్టుకొని దుకాణం గడప కాడికొచ్చి ఎండల పెట్టి చూస్తరు. లోపల నుంచి అమ్మేటోడు "సేమ్ కలర్ అమ్మా, సేమ్ కలర్" అని మొత్తుకున్నా వినరు. నా దుకాణంల సుత గంతే. ప్రింటు ఏదైనా గడప దాటిచ్చి ఎండల చూసినంకనే చేతికిస్త. గీ గడప అలవాటు నాకు నన్ను కన్న మా అవ్వ నుంచి వచ్చింది.

మా అవ్వ నలుపు. చామనచాయ గీమనచాయ అని సర్దిచెప్పుడు నాకు రాదు. మంచి నలుపు, లోపల జర ఎరుపు దాసుకున్న నలుపు. నేను సుత గదే. చిన్నప్పుడు మేము చెన్నూరుల ఉండేది. ఒకనాడు బడిల ఒక పోరి నన్ను కర్రిదానా అన్నదని ఏడ్సుకుంట ఇంటికొచ్చిన. బాపు వాకిట్ల కూసోని జీపు టైరుకు పంచర్ ఏస్తుండు. అవ్వ నన్ను గడప మీద కూసోవెట్టి, తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టింది.

"చూడు బిడ్డా. గిట్ల నీడల చూడు. గిట్ల ఎండల చూడు. ఏడ పెట్టినా కలుస్తది. ఏ దుకాణపోడన్న గింత మంచి మ్యాచింగ్ తీస్తడా?" అన్నది.

నేను ఇంకా ముక్కు చీదుతనే ఉన్న. అవ్వకు కోపమొచ్చింది. నా కోపం ఏడికెళ్లి వచ్చిందనుకున్నరు మరి! "ఏడిస్తే ఏడ్వు గని నా రంగును తిట్టుకుంట ఏడ్వకు" అని గదమాయించింది. వాకిట్ల బాపు పకపక నవ్విండు.

బాపు జీపు డ్రైవర్. ఉట్నూర్ దిక్కు ఊర్లకు మనుషులను ఎక్కిచ్చుకొని తిరిగేటోడు. అవ్వను మొదటిసారి చూసింది ఆడనే, రోడ్డు పక్క పత్తి చేన్ల. గా ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు తనివి తీరది.

"చేను నిండ తెల్ల పత్తి, నడుమ మీ అవ్వ. అబ్బో, గింత నల్లటి పిల్ల ఉంటదా అనుకున్న. తెల్లారి సంతల పసుపు చీర కట్టుకొని కనవడ్డది. మొహం దీపం లెక్క వెలుగుతున్నది. ఏంది, నిన్నటి పిల్లేనా అని జీపు ఆపి మళ్ల చూసిన" అంటడు.

"జీపు ఆపింది నా కోసం కాదు, ఇంజన్ల నీళ్లు పోసేతందుకు" అని అవ్వ మూతి తిప్పేది. తిప్పేది గని, నల్లటోళ్లకు పసుపు నప్పదని ఎవలెన్ని చెప్పినా మంచిరోజు వచ్చిందంటే పసుపు చీరే కట్టేది. బాపు ఏ ఊరికెళ్లి తెచ్చినా పసుపు చీరే తెచ్చేటోడు. కిరాణ దుకాణం బోర్డు దెబ్బ తిన్ననాడు నాకు గా ముచ్చటనే యాదికొచ్చింది. పత్తి పక్కన ఒక తీరు, పసుపు పక్కన ఒక తీరు. మనిషి ఒక్కతే.

నా దుకాణం నడుసుడు మొదలైనంక ఇద్దరూ నా దగ్గరికే వచ్చిండ్రు. నా ఇల్లు నిండింది అనుకుంటనే ఉన్న, ఒక ఎండాకాలం అవ్వ పోయింది. జరమని పడుకున్నది, మళ్ల లేవలే. గంతే. దాని గురించి ఇంతకన్న ఎక్కువ రాసుడు నాతోని కాదు.

ఇగ ఫోటో కావాలె. పెత్రమాస దగ్గరికొస్తున్నది. పెద్దల పేరు మీద బియ్యమిచ్చే రోజు, గోడకు అవ్వ ఫోటో లేకుంటే ఎట్ల? ఊరందరి ఫోటోలు బాగుచేసేదాని ఇంట్ల తల్లి ఫోటో లేదు. అవ్వకు ఫోటో అంటేనే పడకపోయేది. వెతికితే మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి ఆల్బంల ఒక్కటి దొరికింది. గా ఫోటోగ్రాఫర్ మహానుభావుడు పెండ్లికొడుకు మొదలు వంటోళ్ల దాక అందరికీ ఒక్కటే తెలుపు రుద్దిండు. అవ్వ మొహం పిండిల దొర్లిచ్చినట్టుండె. నా ఫోన్ల తీసినయ్ చూస్తే, నేను చెప్పకున్నా ఫోనే సొంతంగ మొహాన్ని తెల్లగ, నున్నగ జేసి పెట్టింది. ఆధార్ కార్డు మీదిది ముట్టుకోలే. దాన్ల ఎవలైనా దొంగల లెక్కనే ఉంటరు.

పెండ్లి ఫోటోనే కంప్యూటర్ల ఎక్కిచ్చి, బాపును దుకాణానికి తోలుకొచ్చి పక్కన కూసోవెట్టుకున్న. "నువ్వు చెప్పు, నేను మారుస్త" అన్న. రంగు మార్చేతందుకు కంప్యూటర్ల ఒక గీత ఉంటది. దాని మీది చుక్కను ఒక దిక్కు జరిపితే పసుపు ఎక్కువైతది, ఇంకో దిక్కు జరిపితే పసుపు తగ్గి నీలం వస్తది. మొదలు గా పిండి తెలుపు తీసేసిన. నాకు యాదున్న రంగు కాడికి తెచ్చి ఆపిన. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అచ్చం అవ్వే.

బాపు దగ్గరికి వంగి చూసిండు. "మబ్బుగ ఉన్నది బిడ్డా. పసుపు ఎక్కువైంది. జర తగ్గియ్" అన్నడు.

తగ్గిచ్చిన. "ఇంకా" అన్నడు. తగ్గిచ్చిన. "వెలుతురు పెట్టు. ఇంకా పసుపు తియ్." నా కంటికి అవ్వ నీలమైతున్నది, పెదవులు ఊదరంగు అయినయ్. నాకు పరేషాన్ మొదలైంది. "బాపూ, నీలం కొడుతున్నది" అన్న. "ఏడ నీలం? నువ్వు జరుపు" అన్నడు. ఇగ నా నోరు ఆగలే. "నేను గీ రంగుల పని జేసే బతుకుతున్న. నాకు తెల్వదా?" అని గట్టిగనే అన్న.

బాపు నా మొహం దిక్కు చూడలే, కంప్యూటర్ దిక్కే చూసుకుంట అన్నడు. "నువ్వు రంగుల పని జేస్తవ్ బిడ్డా, నేను కాదంటలే. గని నా బతుకంత గామె ఎదురుంగ కూసోని అన్నం తిన్నది నేను."

నేను చుక్కను ఇంకా జరిపిన. ఆయన "ఆఁ, గదే! ఆగు, ముట్టుకోకు!" అన్న కాడ ఆపి ప్రింటు తీసిన. గడప కాడికి తీసుకపోయి ఎండల చూస్తే ఇంకా నీలం. ఫ్రేము కట్టే ముసలి భాయి అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బేటీ, మిషన్ల ఇంకు అయిపోయిందా ఏంది?" అనడిగిండు. పెత్రమాస నాడు వచ్చిన చుట్టాలు నా మొహం, ఫోటో మొహం మార్చి మార్చి చూసిండ్రు. "మీ అవ్వ దేవతలల్ల కలిసింది తియ్, నీలం రంగే చెప్తున్నది" అని మా మేనత్త పరాచికమాడింది. నేను పండ్లు కొరుక్కున్న. బాపు మాత్రం మస్తు ఖుషి. పొద్దున లేచి చాయ్ కప్పు పట్టుకొని గా ఫోటో ముందట నిలవడి తాగేటోడు. ఆయన ఖుషిని చూసి నేను ఫోటోను గట్లనే ఉంచిన.

కొన్ని నెలలకు బాపు నీలం లుంగీని నల్ల లుంగీ అనుడు మొదలుపెట్టిండు. చాయ్ కప్పుల పొయ్యబోయి సాసర్ల పోసుకున్నడు. "అడవిల లైటు పోయినా జీపు నడిపినోన్ని, నా కండ్లకేమైంది?" అని దబాయిచ్చేటోడు. ఓ దినం గుంజుకపోయినట్టే కండ్ల దవాఖానకు తీసుకపోయిన. రెండు కండ్లల్ల మోతిబిందు, శుక్లాలంటరు సూడు గదే, మస్తు ముదిరింది అన్నరు.

ఆడ డాక్టరమ్మ మంచిది. బాపు కంటి లోపలి అద్దం ఏండ్ల సంది మెల్లమెల్లగ పసుపు తిరిగిందని, మెల్లగ తిరిగింది గనుక ఆయనకు తెల్వదని చెప్పింది. ఎండకు ఎండి పసుపు తిరిగిన ప్లాస్టిక్ కవర్ల నుంచి చూసినట్టు అన్నది. ఫోటోల పసుపు ఎందుకు తియ్యమన్నడో గప్పుడు సమజైంది. పసుపు ఆయన కంట్ల ఉన్నది. ఫోటోల నేను తీసిన పసుపును గా కన్నే మళ్ల కలిపింది, గట్ల కలిసినంకనే ఆయనకు అవ్వ లెక్క కనవడ్డది. ఆయన తప్పు చెప్పలే, నేనూ తప్పు చూడలే. ఒక్క ఫోటో, రెండు తీర్ల కండ్లు.

మొదలు ఒక కంటికి ఆపరేషన్ చేసిండ్రు. పట్టీ తీసినంక ఇంటికి తీసుకొస్తుంటే ఆటోల ఆయన సంబురం చూడాలె. నల్ల అద్దాలు పైకెత్తుకుంట, దించుకుంట ఒక్కతీరు ముచ్చట. "అరే, సున్నం గింత తెల్లగ ఉంటదా! గా తలుపు చూడు, గింత నీలమా! నీ చీర మీద గీ పూలు ముందుగాల నుంచి ఉన్నయా?" అని అడిగిండు. "ఉన్నయ్ బాపూ, నీకే లేకుండె" అని నేను నవ్విన. ఆటోడు సుత నవ్విండు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని సీదా ఫోటో ముందటికి పోయిండు.

నేను చాయ్ పెట్టుకుంట వెనకకు తిరిగి చూసిన. అరచెయ్యితోని ఒక కన్ను మూసిండు, తీసిండు. ఇంకో కన్ను మూసిండు, తీసిండు. "గీ పాత కంట్ల ఉన్నది మీ అవ్వ" అన్నడు. మళ్ల చెయ్యి మార్చిండు. "గీ కంట్ల లేదు. గీమె ఎవలో నీలంది."

గా రోజు మొదలు ఆయన చాయ్ కప్పు ఒక చేత్తోని పట్టుకొని, ఆపరేషన్ అయిన కన్ను ఇంకో చేత్తోని మూసుకొని ఫోటో ముందట నిలవడుడు షురూ జేసిండు. రెండో కంటి ఆపరేషన్ కు దవాఖానోళ్లు రమ్మన్న రోజు దగ్గరికొచ్చింది. "నేను రాను" అన్నడు.

"రాకుంటే ఎట్ల? ఇంకా ముదిరితే కష్టమైతదని డాక్టరమ్మ చెప్పలే?"

"ముదరనీ. ఒక కన్ను మంచిగున్నది, సాలు. ముసలోనికి రెండెందుకు?"

సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. "ఫోటో కోసమే గదా బాపూ గీ లొల్లంత? ఇంకో ఫోటో తీసిస్త. నాకు ఎంతసేపు పని?" అన్న.

"ఏ రంగు పెడ్తవ్?"

"మొదట్ల నేను పెట్టిన రంగే. నువ్వు మబ్బుగ ఉన్నదన్నవ్ సూడు, గదే అసలు రంగు."

"నువ్వంటవ్ అసలని. గప్పుడు నేను గూడ గదే అనుకొని చెప్పిన గదా? గా నీలం దాన్ని పట్టుకొని, గదే, ఆగు అన్న గదా?" ఆపరేషన్ అయిన కంటిని వేలితోని చూపిచ్చిండు. "గీ కన్ను కొత్తది బిడ్డా. గీ కన్ను మీ అవ్వను చూడలే. నువ్వు ఏ ఫోటో తెచ్చి పెట్టినా దీనికి ఏం ఎరుక? ఎరుకున్నది పాత కంటికే. గదాన్ని గూడ తీసేస్తే మీ అవ్వ ఎట్లుండెనో ఇగ నాకు చెప్పేటోళ్లు ఎవలు?"

కన్ను తియ్యరు, లోపలి అద్దమే మారుస్తరు అని చెప్పబోయిన. గది మానుకొని వంటింట్లకు పోయి గిన్నెల మీద నా కోపమంత తీసిన. కోపం ఆయన మీద కాదు. ఊరందరి రంగులు సరిచేసే నా చేతుల, మా బాపుకు ఇచ్చేతందుకు ఏం లేకపాయె అని.

రెండు మూడు రోజులు గట్లనే పోయినయ్. ఒక పొద్దున దుకాణంలకు ఒకామె తన బిడ్డ ఫోటో తెచ్చింది, పెండ్లి సంబంధాలకు పంపేతందుకు. పిల్ల నా తీరు నలుపు. కండ్లు మంచిగ నవ్వుతున్నయ్. "జర తెల్లగ చెయ్యమ్మా" అన్నది తల్లి. పిల్ల తల కిందికి వేసుకున్నది. నాకు తిక్కలేసింది. "తెల్లగ జేస్తే పెండ్లినాడు వచ్చేది గీ పిల్ల కాదు గదా, గప్పుడేం జేస్తవ్?" అన్న. మొహం ముట్టుకోకుండ, వెనక ఉన్న తెల్ల పరదా తీసి పసుపు గోడ రంగు పెట్టిన. పిల్ల మొహం వెలిగింది. తల్లి దగ్గరికి వంగి చూసి, "గిదే, గిట్లనే, తెల్లగయింది" అన్నది. పిల్ల నా దిక్కు చూసి సల్లగ నవ్వింది.

వాళ్లు పోయినంక మౌసు మీది నా చెయ్యి దిక్కు చూసిన. ఎన్ని ఏండ్ల సంది నా కండ్ల ముందటనే ఉన్నది గీ చెయ్యి! చెన్నూరు గడప మీద కూసోని అవ్వ చెప్పిన మాట చెవుల పడ్డట్టయింది. నీడల చూడు, ఎండల చూడు, ఏడ పెట్టినా కలుస్తది. అవ్వ నాకు చెప్పింది గని, వాకిట్ల కూసోని నవ్వినోడు సుత విన్నడు గదా!

మంచి ఎండ ఉండంగనే దుకాణం షట్టర్ కిందికి గుంజిన. గంతకుముందు అవ్వ ఫోటోను రకరకాల రంగులల్ల సన్న పట్టీలుగ ప్రింటు తీసి, ఒక్కో పట్టీ చెంప కాడ కత్తిరిచ్చి పెట్టుకున్న. ఇంటికి పోయి బాపును గడప కాడికి పిలిచిన.

"కూసో. పాత కన్ను ముయ్యి" అన్న.

"ఎందుకు?"

"చెప్తే వినవా? ముయ్యి."

గొణుక్కుంట మూసిండు. నేను ఆయన పక్కన కూసోని, కొంగు తీసి నా చెయ్యి మోచేతి దాక ఎండల పెట్టిన. చేతి మీద ఒక్కో పట్టీ పెట్టుకుంట పోయిన. మొదటిది పెడితే, "గిది తెలుపు. పక్కకు పెట్టు" అన్నడు. ఇంకోటి పెట్టిన. "గిది నీలం. గిది గోడ మీదామె." ఇంకోటి. "గిదాన్ల ఎరుపు ఎక్కువున్నది." నేను ఏది అవ్వ రంగో చెప్పలే. అడగనూ లేదు. ఆయన కొత్త కన్ను ఆయననే వెతకనిచ్చిన.

ఒక పట్టీ పెట్టినంక వంగి చూసిండు. వేలితోని తడిమి అంచు ఏడున్నదో వెతికిండు. పట్టీ నా చేతి మీద కలిసిపోయింది. పట్టీని నీడలకు జరిపి చూసిండు, ఎండలకు జరిపి చూసిండు. మళ్ల నీడల చూసిండు. ఆఖరికి పట్టీని తీసి పక్కకు పెట్టి, నా చెయ్యి రెండు చేతులతోని పట్టుకున్నడు. పాత కన్ను మూసుకునే ఉన్నడు. కొత్త కంటి నుంచి నీళ్లు కారుతున్నయ్. చుక్కల మందు ఏసుకున్నవా అని అడగబోయి అడగలే.

"టైరుకు పంచర్ ఏస్తున్న గప్పుడు" అన్నడు మెల్లగ. "ఏ దుకాణపోడు గింత మంచి మ్యాచింగ్ తీస్తడన్నది మీ అవ్వ."

"యాదున్నదా బాపూ?"

"యాదెందుకుండది?" నా చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి, కంటి నిండ చూసిండు. "తియ్, గీ కన్ను గూడ చూసింది ఇగ. పో, డాక్టరమ్మకు ఫోన్ చెయ్. గా రెండో కన్ను సంగతి గూడ చూద్దాం."

నేను లేచి ఫోన్ కోసం లోపలికి పోయిన. టేబుల్ మీదనే ఉన్నది, గని నాకు ఏదీ సక్కగ కానొస్తలేదు. టేబుల్ మీద, మంచం మీద చేతులతోని తడుముతున్న. గడప మీద నుంచే బాపు తొంగి చూసి నవ్విండు.

"ఏందే బిడ్డా, నీకు గూడ మోతిబిందేనా?" అన్నడు.